సైకిలుకు బిగించిన ఫోర్ స్ట్రోక్ ఇంజను

ఇంజను బిగించిన సైకిలును నేను కొన్నేళ్ల పాటు నడిపానని తెలిసినవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: ఎంత స్పీడు వెళ్లేది? సమాధానం చెప్పడం కష్టమేమీ కాదు గానీ, అక్కడి నుంచి మొదలుపెడితే ఆ బండి సంగతి సగం కూడా చెప్పినట్టు కాదు. దానికి ఉన్న శక్తినంతా ఎప్పుడూ వాడకుండా, కొంత మిగిల్చుకుని నడిపినంత కాలమే అది మంచి బండి. ఆ సంగతి ఒంటబట్టడానికి నాకు చాలా కాలం పట్టింది. ఆ నేర్చుకున్న రోజులే ఇప్పుడు ఎక్కువగా గుర్తుకొస్తుంటాయి.

నా సైకిలు మీద ఉన్నది హోండా జీఎక్స్‌హెచ్ 50. ఒకే సిలిండరు, గాలితో చల్లబడే ఇంజను. పిస్టన్ వ్యాసం 41.8 మిల్లీమీటర్లు, అది పైకీ కిందికీ కదిలే దూరం 36 మిల్లీమీటర్లు, మొత్తం 49.4 సీసీ. నిమిషానికి 7000 చుట్ల దగ్గర సుమారు 2.1 హార్స్‌పవర్ ఇస్తుంది. బరువు అయిదున్నర కిలోలు. రోడ్డు మీద తిరగడానికి పుట్టిన ఇంజను కాదు అది. చిన్న నీటి పంపులకూ, మట్టిని గుల్లబరిచే యంత్రాలకూ, గంటల తరబడి ఒకే వేగంతో పనిచేయవలసిన ఇతర పరికరాలకూ ఉద్దేశించినది. అదే సంస్థ 1958లో తెచ్చిన సూపర్ కబ్ మోటారు బండిలోనూ దాదాపు ఇంతే, 49 సీసీ ఫోర్ స్ట్రోక్ ఇంజనే ఉండేది. కానీ అది 9500 చుట్ల దగ్గర నాలుగున్నర హార్స్‌పవర్ ఇచ్చేది. సిలిండరు కొలత ఒక్కటే అయినా ఇవి స్వభావంలో పూర్తిగా వేరు. ఒకటి పరుగెత్తడానికి తయారైతే రెండోది ఓర్చుకోవడానికి తయారైంది. ఈ ఓర్పుగలదాన్ని తెచ్చి సైకిలుకు కట్టి, పరుగెత్తమని అదిలించడంలో అర్థం లేదు.

ఆ రోజుల్లో సైకిలుకు ఇంజను బిగించుకునేవాళ్లలో ఎక్కువమంది టూ స్ట్రోక్ వైపే మొగ్గేవారు. తేలిక, చవక, భాగాలు తక్కువ, సైకిలు ఫ్రేము మధ్యలో ఇట్టే ఒదిగిపోతుంది, పికప్ కూడా ఎక్కువ. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. టూ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంకు తిరిగే ప్రతి చుట్టుకూ ఒక పేలుడు ఉంటుంది, ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకటే ఉంటుంది. అందుకే ఒకే కొలతలో సాధారణంగా టూ స్ట్రోక్‌దే పైచేయి. కానీ దాని వెనక వచ్చే నీలి పొగా, పెట్రోలులో ఆయిల్ కలిపేటప్పుడు చేతికీ బట్టలకూ అంటుకుని వదలని ఆ జిడ్డూ, అన్నిటికంటే ముఖ్యంగా ఆ గోలా నాకు గిట్టేవి కావు. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో నా ఇంజను నిమిషానికి సుమారు 4800 చుట్లు తిరిగేది, అంటే సెకనుకు 40 పేలుళ్లు. అదే చుట్ల దగ్గర టూ స్ట్రోక్ అయితే 80 పేలుళ్లు. లెక్కలో రెట్టింపు అన్నది చెవికి రెట్టింపు కంటే చాలా ఎక్కువగా వినిపిస్తుంది. టూ స్ట్రోక్ సైకిలు కీచుమంటూ పోతే, నాది లోగొంతుకతో ఏదో గొణుక్కుంటూ పోయేది.

సైకిలుకు ఫోర్ స్ట్రోక్ ఇంజను పెట్టడం కొత్త ఆలోచనేమీ కాదు. అమెరికాలో 1939లోనే విజ్జర్ అనే కిట్టు వచ్చింది. 138 సీసీ, సైడ్ వాల్వ్ ఇంజను, అంటే వాల్వులు సిలిండరు పక్కన ఉండేది. మొదట్లో రోలరుతో, తర్వాత బెల్టుతో వెనక చక్రాన్ని తిప్పేది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇటలీలో డుకాటి కర్మాగారంలో 1946 నుంచి తయారైన కుచ్చొలో 48 సీసీది. అందులో వాల్వులను తెరవడానికి మామూలుగా తోసే రాడ్లకు బదులు లాగే రాడ్లు ఉండేవి. దాని చిత్రాన్ని మొదటిసారి చూసినప్పుడు ఇంత చిన్నదానికి ఇంత తెలివా అనిపించింది. సొయిచిరో హోండా కూడా 1946లో, సైన్యం దగ్గర మిగిలిపోయిన వైర్‌లెస్ సెట్ల జనరేటర్ ఇంజన్లను సైకిళ్లకు బిగించడంతోనే తన వ్యాపారం మొదలుపెట్టాడు. అవి టూ స్ట్రోక్ ఇంజన్లు. ఫోర్ స్ట్రోక్ ఆయనకు తర్వాత వచ్చిన ప్రేమ. ఈ చరిత్రంతా నేను బండి కట్టిన తర్వాత తెలుసుకున్నదే. చదివి ఉత్సాహపడి మొదలుపెట్టానని చెప్పుకుంటే బాగుండేది గానీ, అసలు కారణం అంత గొప్పది కాదు. చేతికి ఒక ఇంజను దొరికింది, మూలన ఒక గట్టి స్టీలు ఫ్రేము సైకిలు పడి ఉంది.

బిగించడంలో మొదటి చిక్కు వెడల్పు. టూ స్ట్రోక్ ఇంజన్లు పలుచగా ఉంటాయి. ఈ ఫోర్ స్ట్రోక్‌కు ఒక పక్క తాడు లాగి స్టార్ట్ చేసే మూత, దాని వెనక ఫ్లైవీలు ఫ్యానూ, మరో పక్క క్లచ్చూ గేర్ పెట్టే కలిసి, రెండు మోకాళ్ల మధ్య పట్టనంత వెడల్పు అవుతుంది. పెడళ్లు ఇంజనుకు తగలకుండా ఉండాలంటే మామూలు ఇరుసు తీసేసి పొడవైన ఇరుసూ, బయటికి వంగిన క్రాంకులూ వేయాలి. అప్పుడు కాళ్లు ఎడంగా పెట్టి తొక్కవలసి వస్తుంది. మొదట్లో మోకాళ్ల లోపలి వైపు నొప్పి పుట్టేది, పోనుపోను అలవాటైపోయింది. మామూలు సైకిలు ఎక్కినప్పుడు మాత్రం కాళ్లు దగ్గరగా కట్టేసినట్టు ఇబ్బందిగా ఉండేది.

రెండో చిక్కు వెనక చక్రం. ఇంజను నుంచి వచ్చే చైనుకు ఎడమ పక్కన వేరే పళ్లచక్రం కావాలి. కిట్లలో వచ్చే పద్ధతి ప్రకారం ఆ పళ్లచక్రాన్ని చక్రం పుల్లల మీదే, రబ్బరు బిళ్లల మధ్య ఇరికించి, తొమ్మిది బోల్టులతో బిగిస్తారు. ఆ పద్ధతి అప్పుడూ నాకు నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. పుల్లలు ఉన్నవి మనిషి బరువు మొయ్యడానికి. ఇంజను లాగుడంతా వాటి నడుము మీద పెడితే అవి ఎన్నాళ్లు ఆగుతాయి? పైగా ఆ బోల్టుల్లో ఒక్కటి ఎక్కువ బిగిసినా పళ్లచక్రం ఊగుతుంది. అది ఊగితే చైను ఒకచోట వదులుగా, మరోచోట వీణ తీగలా బిగిసి ఉంటుంది. కొన్నాళ్లు దానితో పడ్డాక, హబ్బును చుట్టి పట్టుకునే అల్యూమినియం పట్టా ఒకటి దొరికింది. పళ్లచక్రాన్ని దానికి బిగించిన తర్వాతే ఆ చక్రం గురించి ఆలోచించడం మానేశాను.

ఇక గేరు లెక్క. ఇంజను సైకిలు నడిపేవాళ్లు ఇద్దరు కలిస్తే మాట్లాడుకునేది ఇదే. 26 అంగుళాల చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి రెండు మీటర్ల ఏడు సెంటీమీటర్ల దూరం వెళుతుంది. నా గేర్ పెట్టెలో తగ్గింపు అయిదుకు ఒకటి. దాని నుంచి బయటికి వచ్చే చిన్న పళ్లచక్రానికి 11 పళ్లు, వెనక దానికి 44, అంటే మరో నాలుగుకు ఒకటి. మొత్తం 20 చుట్లు ఇంజను తిరిగితే చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. 7000 చుట్ల దగ్గర గంటకు దాదాపు 43 కిలోమీటర్లు, 5000 చుట్ల దగ్గర 31. కాగితం మీద ఇదంతా బ్రహ్మాండంగా ఉంది. లెక్కలో కనిపించనిది క్లచ్చు.

ఇలాంటి ఇంజన్లకు ఉండేది సెంట్రిఫ్యూగల్ క్లచ్. రెండు బూట్లు స్ప్రింగుతో ముడుచుకుని ఉంటాయి. ఇంజను వేగం పెరిగేకొద్దీ బయటికి విచ్చుకుని చుట్టూ ఉన్న డ్రమ్మును పట్టుకుంటాయి. నాది పూర్తిగా పట్టేది 3500 చుట్ల దగ్గర. ఆ లెక్కన 20 గేరులో బండి గంటకు 21, 22 కిలోమీటర్లు అందుకునేదాకా క్లచ్చు జారుతూనే ఉంటుంది. చదును రోడ్డు మీద నాలుగు తొక్కులు తొక్కి వేగం అందిస్తే ఆ ఇబ్బంది తెలియదు. ఎత్తు ఎక్కేటప్పుడు, ఎదురుగాలిలో, బండి పదిహేను దగ్గర నిలబడిపోతే మాత్రం క్లచ్చు పట్టీ పట్టక రాపిడి పడుతుంది. అప్పుడు వచ్చే వాసన ఒకసారి చూస్తే మరిచిపోలేము. ఇంజను బాగానే తిరుగుతున్నట్టు వినిపిస్తుంది, బండి మాత్రం ముందుకు రాదు. డ్రమ్ము మీద వేలు పెట్టలేనంత వేడి, బూట్ల మీద గాజులా నున్నటి మెరుపు. ఆ మెరుపును గరుకు కాగితంతో గీకి మళ్లీ బిగించడమన్నది ఎండాకాలం పని అయిపోయింది.

చివరికి 44 పళ్ల చక్రం తీసేసి 56 పళ్లది వేశాను. తగ్గింపు ఇరవైయైదున్నరకు వచ్చింది. క్లచ్చు ఇప్పుడు 17 కిలోమీటర్ల దగ్గరే పూర్తిగా పట్టేస్తుంది. పై వేగం 34కు పడిపోయింది, 5000 చుట్ల దగ్గర 24. తోటి టూ స్ట్రోక్ మిత్రులు ఎగతాళి చేశారు. తొక్కుకుంటూ వెళ్లినా ఆ మాత్రం వెళ్లొచ్చు కదా, దానికి ఇంజనెందుకు అన్నారు. వెళ్లొచ్చు, కాదనను, కాసేపు మాత్రం. ఎత్తుపల్లాల దారిలో అదే వేగాన్ని గంట తర్వాత కూడా నిలబెట్టుకోవడంలో ఉంది ఇంజను పని. ఆ మార్పు తర్వాతే నాకూ ఆ బండికీ కుదిరిందని చెప్పాలి.

పొద్దున్నే దాన్ని లేపడం ఒక పద్ధతిగా సాగేది. పెట్రోలు కాక్ తెరిచి, కార్బురేటర్‌లో పెట్రోలు నిలిచే ఫ్లోటు గిన్నె నిండడానికి కాసేపు ఆగి, చోక్ మూసి, తాడును ముందు మెల్లగా లాగాలి. చేతికి కంప్రెషన్ అడ్డు తగిలిన చోట ఆపి, తాడును లోపలికి పోనిచ్చి, అప్పుడు ఒక్క ఊపున లాగాలి. మొదటి లాగుడుకు ఒక దగ్గు దగ్గి ఊరుకునేది, రెండోదానికి అందుకునేది. వెంటనే చోక్ పూర్తిగా తెరిస్తే ఆగిపోతుంది, ఎక్కువసేపు మూసి ఉంచితే ప్లగ్గు నల్లబడుతుంది. ఈ రెంటికీ నడుమ ఉన్న సమయం గడియారంతో కొలిచేది కాదు. గొంతులో గరగర తగ్గి శబ్దం ఒక తీరున పడగానే చెయ్యి దానంతట అదే చోక్ మీదికి వెళ్లేది. ఐడిలింగ్ రెండు వేల చుట్ల దగ్గర ఉండగా ఫ్రేము మొత్తం సన్నగా వణికేది, హ్యాండిలుకున్న గంట దానంతట అదే టింగుటింగుమనేది.

ఇంజనాయిల్ విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఈ ఇంజను ప్రాణమంతా అందులోనే ఉంది. లోపల పట్టేది పావు లీటరు మాత్రమే. పెద్ద ఇంజన్లలో ఉండేలా ఆయిల్ పంపు లేదు, ఫిల్టరు లేదు. క్రాంకు తిరుగుతుంటే అడుగున ఉన్న ఆయిల్ చిమ్మి, ఆ తుంపరే సిలిండరు గోడకూ, బేరింగులకూ, పైన వాల్వుల దాకా చేరాలి. ఫిల్టరు లేనందువల్ల అరిగిన లోహపు పొడి అంతా ఆయిల్లోనే తిరుగుతూ ఉంటుంది. దాన్ని బయటికి పంపే మార్గం ఆయిల్ మార్చడం ఒక్కటే. కొత్త ఇంజనుకు మొదటి ఆయిల్ 20 గంటలకే మార్చమని తయారీదారు చెప్పేది ఇందుకే. ఆ మొదటిసారి ఇంజను వేడిగా ఉండగా సైకిలును ఒక పక్కకు వంచి ఆయిల్ను తెల్లటి ప్లాస్టిక్ గిన్నెలోకి వంపాను. నల్లగా ఉంటుందనుకున్నాను. బూడిద రంగులో ఉంది, ఎండలో పెట్టి కదిపితే వెండి పొడి కలిపినట్టు మెరిసింది. వేళ్ల మధ్య రాస్తే మాత్రం గరుకు తగల్లేదు, అంత సన్నటి పొడి. రెండోసారి మార్చినప్పుడు ఆ మెరుపు తగ్గింది, మూడోసారికి మామూలు వాడిన ఆయిల్ రంగే కనిపించింది. సిలిండరూ రింగులూ ఒకదానికొకటి సర్దుకున్నాయని ఏ పుస్తకమూ అక్కరలేకుండా ఆ గిన్నే చెప్పింది.

పావు లీటరులో కొంచెం తగ్గినా ఎక్కువ తగ్గినట్టే. అందులోనూ సైకిలును స్టాండు మీద ఒరిగించి ఆయిల్ చూస్తే కొలత తప్పుతుంది. నిటారుగా నిలబెట్టి, మూత విప్పి, అంచుదాకా ఉందా లేదా అని చూడాలి. రెండు చేతులూ చాలవు కాబట్టి సీటును గోడకు ఆనించి, ఒక మోకాలితో ఫ్రేమును అదిమి పెట్టి చూసేవాణ్ని. ఇదంతా విన్నవాళ్లకు చాదస్తంగా అనిపించేది. టూ స్ట్రోక్‌లో ఆయిల్ పెట్రోలుతో పాటే వచ్చి పని చేసి కాలిపోతుంది. మరిచిపోవడానికి ఆస్కారం పెట్రోలు పోసేటప్పుడు ఒక్కసారే. ఫోర్ స్ట్రోక్‌లో ఆయిల్ కనిపించకుండా లోపల ఉంటుంది, తగ్గినా ఇంజను చాలాసేపు ఏమీ అనదు. అనేటప్పటికి ఆలస్యమైపోతుంది.

ట్యాపెట్లు సెట్ చేయడమంటే, అంటే వాల్వులకూ వాటిని నొక్కి తెరిచే రాకర్లకూ మధ్య సందు సరిచేయడమంటే, నాకు ఇష్టం. ఆ ఇష్టానికి కారణం ఇప్పటికీ సరిగా చెప్పలేను. ఇంజను పూర్తిగా చల్లారాక, అంటే ఎక్కువగా తెల్లవారి, వాల్వు కవరు విప్పి, తాడును అంగుళం అంగుళంగా లాగుతూ పిస్టన్‌ను కంప్రెషన్ పై కొసకు తేవాలి. అది సరైన చోటో కాదో తెలుసుకోవడానికి రెండు రాకర్లనూ వేలితో కదిపి చూడాలి, రెండూ కాస్త వదులుగా టక్కుటక్కుమనాలి. ఒకటి బిగిసి ఉంటే మనం ఎగ్జాస్ట్ స్ట్రోకు పై కొసలో ఉన్నట్టు, మరో చుట్టు తిప్పాలి. వాల్వు కాడకూ రాకరుకూ మధ్య ఉండవలసిన సందు మిల్లీమీటరులో పదో వంతు దగ్గర. ఎగ్జాస్ట్ వాల్వు ఎక్కువ వేడెక్కి ఎక్కువ సాగుతుంది కాబట్టి దానికి సందు ఇన్‌టేక్ కంటే కొంచెం ఎక్కువ ఇవ్వాలి. ఫీలర్ గేజి రేకును ఆ సందులో పెట్టి లాగితే తేలిగ్గా జారకూడదు, పట్టేసుకోనూ కూడదు. పట్టుకుని వదులుతున్నట్టుండాలి. అలా కుదిరిందనుకుని లాక్ నట్టు బిగించగానే స్క్రూ వెంట్రుకవాసి తిరిగి సందు మారిపోతుంది. అందువల్ల బిగించాక మళ్లీ చూడాలి, మళ్లీ విప్పాలి. చలికాలం పొద్దున చేతివేళ్లు కొంకర్లు పోతూ ఈ పని చేయడంలో విసుగు రాలేదంటే అబద్ధమే. అయినా కవరు మూసి తాడు లాగినప్పుడు వినిపించే ఆ శుభ్రమైన టకటక కోసం మళ్లీ చేయాలనిపించేది. ఆ శబ్దం పూర్తిగా మాయమైతే సంతోషించకూడదని కూడా తెలుసుకున్నాను. సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది, ఎగ్జాస్ట్ వాల్వు అంచు కాలుతుంది. కాస్త చప్పుడు చేసే ట్యాపెట్టు ఆరోగ్యంగా ఉన్నట్టు.

గవర్నరు గురించి వాదోపవాదాలు చాలా జరిగేవి. పంపుకోసం తయారైన ఇంజను కాబట్టి లోపల తిరిగే బరువులు, వాటికి కట్టిన ఒక చేయి, ఆ చేతికి కట్టిన స్ప్రింగూ కలిసి, బరువు పడినా పడకపోయినా ఇంజను వేగాన్ని ఒకేలా ఉంచుతాయి. సైకిలు మీద అది పనికిరాదు. యాక్సిలరేటర్ తిప్పితే మనం చెప్పినంత కాకుండా తను అనుకున్నంత తెరుచుకుంటుంది. మలుపులో మనం నెమ్మదించాలనుకుంటే అది ఎత్తు వచ్చిందనుకుని ఊపందుకుంటుంది. అందుకే అందరూ దాన్ని విప్పేసి కేబులును నేరుగా కార్బురేటర్‌కు కలిపేవారు. నేనూ కలిపాను, కానీ థ్రాటిల్ పూర్తిగా తెరుచుకోకుండా ఒక స్క్రూ అడ్డు పెట్టాను. ఒకసారి ఎత్తు మీద నిండుగా లాగుతుండగా చైను పళ్లమీంచి జారిపోయింది. బరువు ఒక్కసారిగా తప్పిపోయేసరికి ఇంజను వేసిన కేకకు చెయ్యి దానంతట అదే యాక్సిలరేటర్ వదిలేసింది. అదంతా రెప్పపాటు. అంత చుట్లలో స్ప్రింగులు వాల్వులను వెంటనే మూయలేవు, పిస్టన్ పైకి వచ్చి వాటిని కొట్టే ప్రమాదం ఉంటుంది. కనెక్టింగ్ రాడ్ విరిగితే సరే సరి. ఆ స్క్రూ ఉండబట్టే అంతటితో పోయిందని నా నమ్మకం. గవర్నరు అక్కరలేదని గట్టిగా వాదించేవాళ్లు చైను తెగిన రోజున ఏమంటారో వినాలని ఉండేది.

ఎత్తు ఎక్కడం గురించి చెప్పకపోతే ఈ జ్ఞాపకాలకు అర్థం లేదు. రెండు హార్స్‌పవర్ అనేది వినడానికి చిన్నదే గానీ, మామూలు మనిషి తొక్కుతూ నిలకడగా ఇవ్వగలిగే శక్తి అందులో పదో వంతు కూడా ఉండదు. మరి అలాంటప్పుడు మనిషి కాళ్ల సాయం దేనికని అనిపించవచ్చు. పైకి చూస్తే అంతే. కానీ ఇంజను వేగం పడిపోతున్న కొద్దీ దాని శక్తీ పడిపోతుంది. నాలుగు వేల నుంచి మూడున్నర వేలకు జారుతున్న ఇంజను మునిగిపోతున్నట్టే. ఆ క్షణంలో కాళ్లు ఇచ్చే ఆ కొద్దిపాటి సాయం చుట్లను నిలబెడుతుంది, చుట్లు నిలబడితే శక్తి నిలబడుతుంది, క్లచ్చు జారదు. అందువల్ల తొక్కడం ఎప్పుడు మొదలుపెట్టాలన్నదే అసలు విద్య. శబ్దం కుంగడం మొదలయ్యాక తొక్కితే లాభం లేదు. కుంగబోయే ముందు గొంతులో ఒక బరువు వస్తుంది, ఒక్కో పేలుడూ విడివిడిగా వినిపించబోతున్నట్టు ఉంటుంది. అప్పుడు కాలు కదపాలి. ఇంజను ఆ సాయాన్ని అందుకున్నప్పుడు సీటు కింద నుంచి తెలిసేది, ఎవరో వెనక నుంచి నడుము మీద చెయ్యి వేసినట్టు. కొంత దూరం అలా ఇద్దరమూ కలిసి ఎక్కేవాళ్లం. కొండ పైకి చేరాక యాక్సిలరేటర్ మూసేస్తే క్లచ్చు వదిలేసి, చైను గలగలా, ఐడిలింగ్ గొణుగుడూ తప్ప మరే చప్పుడూ లేకుండా దిగువకు జారిపోవడంలో సుఖం వేరు.

దిగేటప్పుడు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. సైకిలు బ్రేకులు మనిషి తొక్కే వేగానికి తయారైనవి. వేగం రెట్టింపయితే ఆపవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది, దానికి తోడు ఇంజనూ ట్యాంకూ కలిసి పెంచిన బరువు. నేను ముందు వెనకల మంచి బ్రేకులూ, మందపాటి పుల్లలూ, గట్టి రిమ్ములూ వేసుకున్నాకే రోడ్డెక్కాను. ఇంజనుకు పెట్టిన శ్రద్ధలో పావు వంతు కూడా బ్రేకులకు పెట్టనివాళ్లను చూస్తే నాకు కోపం వచ్చేది, ఇప్పటికీ వస్తుంది. ఒకే సిలిండరు అదురుకు నట్లన్నీ మెల్లగా వదులవుతాయి. నట్టు మీద నుంచి కింది పట్టీ దాకా తెల్ల రంగుతో ఒక గీత గీసి పెట్టుకుంటే, గీత విరిగిన చోట నట్టు తిరిగినట్టే. బయలుదేరే ముందు ఒక్క చూపుతో తెలిసిపోయేది.

పెట్రోలు ఎంత తాగేదంటే, నెమ్మదిగా నడిపితే లీటరుకు యాభై కిలోమీటర్లు దాటేది. ఎదురుగాలిలో మొండిగా వేగం కోసం తిప్పితే ఆ లెక్క చప్పున పడిపోయేది. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగానికి ఘనం చొప్పున పెరుగుతుందని పుస్తకంలో చదివినప్పుడు కంటే ట్యాంకు మూత తీసి చూసినప్పుడు బాగా అర్థమైంది. వానలో ప్లగ్ క్యాపులోకి నీరు చేరి మిస్ కొట్టడం తప్ప వాతావరణంతో పెద్ద పేచీ ఉండేది కాదు. కొన్నాళ్లు కదపనని తెలిస్తే పెట్రోలు కాక్ కట్టేసి ఇంజన్ను దానంతట అది ఆగేదాకా తిరగనిచ్చేవాణ్ని. ఫ్లోటు గిన్నెలో మిగిలిన పెట్రోలు ఆవిరైపోయి, మిగిలిన జిగురు సన్నటి జెట్టును మూసేయకుండా అదొక్కటే ఉపాయం.

చివరికి ముందుగా అలిసిపోయింది ఫ్రేము, ఇంజను కాదు. ఇంజను పట్టీ బిగించిన గొట్టం మీద, పెయింటు కింద సన్నటి వెంట్రుకలాంటి గీత కనిపించింది. గోటితో గీరితే పెయింటు రాలి, లోపల తుప్పు గీత బయటపడింది. వెల్డింగ్ పెట్టించవచ్చు, కానీ అదిరే బరువు కింద అతికిన గొట్టాన్ని నేను నమ్మను. ఇంజన్ను విప్పి కొన్నాళ్లు బల్ల మీద పెట్టుకున్నాను. తర్వాత, నీటి పంపు పాడైపోయి ఇంజను కోసం వెతుకుతున్న ఒక తమ్ముడు వచ్చి అడిగాడు. పంపుకు వెళుతోంది కాబట్టి డబ్బాలో దాచిపెట్టిన గవర్నరు చేయీ, స్ప్రింగూ వెతికి తీసి మళ్లీ బిగించాను, అడ్డు స్క్రూ తీసేశాను. ట్యాపెట్లు సెట్ చేసి, ఆయిల్ మార్చి ఇచ్చాను. అతను రెండు చేతులతో ఎత్తి బరువు చూసుకుంటూ, "అన్నా, పెట్రోలులో ఆయిల్ ఎంత కలపాలి?" అని అడిగాడు.

"చుక్క కూడా కలపకు. దాని ఆయిల్ దాని కడుపులోనే ఉంటుంది. నడిపే ముందు రోజూ ఈ మూత విప్పి చూడు, అంచుదాకా ఉందా లేదా అని," అని చెప్పి, మూత ఎక్కడుందో చూపించాను. అతను అక్కడే ఒకసారి విప్పి, వేలు పెట్టి చూసి, మళ్లీ బిగించి తీసుకువెళ్లాడు.